జీతానికి తగ్గ గాలం

బిలాస్‌పూర్ చుట్టుపక్కల జలాశయాల్లో పెద్ద చేపలున్నాయి. వాటిని ఒడ్డుకు చేర్చడానికి వేలకు వేలు పోయనక్కరలేదు. రాడ్డు, రీలు, దారం ఒకదానికొకటి కుదిరితే చాలు.

ఆదివారం తెల్లవారకముందే బిలాస్‌పూర్ రైల్వే కాలనీల నుంచి రతన్‌పూర్ రోడ్డు పట్టే మోటారు సైకిళ్లలో ఒకటీ అరా వెనుక పొడవాటి గుడ్డ సంచీ కట్టి ఉంటుంది. సంచీలో రెండు ముక్కల రాడ్డు, ఓ రీలు. టిఫిను డబ్బాలో తవుడు, వేరుశనగ చెక్క కలిపి పిసికిన ముద్ద. వారం రోజుల డ్యూటీ తర్వాత దొరికిన ఒక్క సెలవు రోజది. ఒడ్డున మూడు నాలుగు గంటలు గడిచాక బెండు ఒక్కసారిగా మునుగుతుంది. రాడ్డు విల్లులా వంగుతుంది. రీలు కిర్రుమని తిరగాలి. తిరగదు. ఫట్‌మని దారం తెగుతుంది. నీటి మీద చిన్న సుడి, చేతిలో వదులైన దారం మిగులుతాయి.

అదృష్టం బాగోలేదని చాలామంది సరిపెట్టుకుంటారు. నిజానికి ఆ చేప చాలాసార్లు దుకాణంలోనే తప్పించుకుని ఉంటుంది. రాడ్డు పొడవు చూసి, రీలు మెరుపు చూసి, పెట్టె మీద రాసిన అంకెలు చూసి కొన్న సామాను పెద్ద చేప ఎదురైన మొదటి నిమిషంలోనే చేతులెత్తేస్తుంది. నెల జీతంతో ఇల్లు గడుపుకునే మనిషికి రెండు మూడు వేల రూపాయలంటే చిన్న మొత్తం కాదు. ఆ డబ్బును ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో తెలిస్తే ఖరీదైన విదేశీ సరంజామాతో పనిలేదు.

గాలం, గరి

బిలాస్‌పూర్‌ను ఊరిగా పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని జంక్షన్‌గా మార్చింది. ఆ కంపెనీ లైన్లు వాల్తేరు దాకా ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి ఎందరో పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు తరలిపోయారు. 2003 ఏప్రిల్‌లో ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రమైంది. కోర్బా-విశాఖపట్నం, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లు ఆ పాత బంధాన్ని ఇప్పటికీ నిలబెడుతున్నాయి. తాత నోట గాలం అయినది మనవడి నోట గరి అవుతుంది. ఛత్తీస్‌గఢీలో చేపల గాలానికి అదే పేరు.

ఊరి మధ్య నుంచి పారే అర్పా నది పెండ్రా ప్రాంతంలో పుట్టి శివనాథ్‌లో కలుస్తుంది. వానాకాలం పోయాక అందులో నీటికన్నా ఇసుకే ఎక్కువ. అందుకే పెద్ద చేప కావాలనుకునేవారి చూపు జలాశయాల మీద ఉంటుంది. రతన్‌పూర్ సమీపంలో ఖారంగ్ నది మీద బ్రిటిష్ కాలంలో కట్టిన ఖుటాఘాట్ వాటిలో ముఖ్యమైనది. లోర్మీ వైపు మనియారీ నది మీద ఖుడియా డ్యాం, కోర్బా వైపు హస్‌దేవ్ నది మీద బాంగో డ్యాం ఉన్నాయి.

ఖుటాఘాట్ పేరులోనే గాలం వేసేవారికి ఒక హెచ్చరిక ఉంది. ఖూంటా అంటే మోడు. డ్యాం కట్టినప్పుడు నీట మునిగిన అడవి తాలూకు మోళ్ల వల్లే ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. గాలానికి పడిన చేప ముందుగా చేసే పని ఏదో ఒక మోడు వైపు దూసుకుపోవడం. దారం దానికి చుట్టుకుంటే ఆట ముగిసినట్టే.

ఇక్కడి నీళ్లలో దొరికే పెద్ద చేపల తీరు తెలిస్తే సామాను ఎంపిక సగం తేలికవుతుంది. బొచ్చె, అంటే కట్లా, పై నీటిలో మేస్తుంది. అనువైన చోట 30 కిలోలు దాటి పెరగగలదు. రోహు నడిమి నీటిలో, మృగాల అడుగున తిరుగుతాయి. వీటికి ముద్ద ఎర చాలు. వాలుగ తీరు వేరు. దీన్ని ఇక్కడ పఢిన్ అంటారు. మీటరు దాటి పెరిగే ఈ వేటచేప చిన్న చేపలను మింగి బతుకుతుంది. దాని నోటి నిండా సన్నని పళ్లే. మామూలు దారాన్ని ఆ పళ్లు ఆకురాయిలా అరగదీస్తాయి. కాబట్టి వాలుగ కోసం గాలానికి ముందు జానెడు స్టీలు తీగ కట్టుకోవాలి. ఆ తీగ ఖర్చు పదుల రూపాయల్లోనే ఉంటుంది.

కప్లింగ్ తట్టుకునేంతే

పది కిలోల చేపకు పది కిలోల దారం కావాలన్నది అందరికీ ఉండే అపోహ. నీటిలో ఉన్నంతసేపు చేపకు బరువు దాదాపు ఉండదు. లోపలి గాలితిత్తి దాన్ని తేలికగా ఉంచుతుంది. దారం మీద పడేది చేప బరువు కాదు, అది పరుగెత్తేటప్పుడు లాగే బలం. ఆ పరుగుకు దారి ఇస్తూ, అలసిపోయాక వెనక్కి తెచ్చుకుంటే 8 కిలోల దారంతో 15 కిలోల చేపనూ ఒడ్డుకు చేర్చవచ్చు. బిగించి పట్టుకుంటే అయిదు కిలోల చేప కూడా అదే దారాన్ని తెంపేస్తుంది.

రైల్వే మనుషులకు ఇది కొత్త పాఠం కాదు. బొగ్గు గూడ్సును లాగే ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా కప్లింగ్ తట్టుకునేంతే లాగాలి. ఒక్కసారిగా కుదుపు ఇస్తే బండి రెండుగా విడిపోతుంది. గాలంలోనూ రాడ్డు, రీలు, దారం, ముడి, కొక్కెం ఒకదాని వెనుక ఒకటి తగిలించిన వ్యాగన్ల వంటివి. మొత్తం బలం వాటిలో అన్నిటికన్నా బలహీనమైన దాని బలమే. నాలుగు వేల రాడ్డుకు అయిదు రూపాయల తుప్పు కొక్కెం తగిలిస్తే అది అయిదు రూపాయల సామానే.

పాతకాలపు అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1946లో మైసూరు ప్రాంతంలోని కబిని నదిలో వాన్ ఇంగెన్ అనే వేటగాడు 120 పౌండ్ల మహాసీర్‌ను గాలంతో పట్టాడు. కార్బన్ ఫైబర్ రాడ్లు బజారులోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందు సంగతి అది. సామాను ఎంత ఆధునికమన్నదానికన్నా దాన్ని ఎంత పొందికగా అమర్చారన్నదే ముఖ్యం.

డబ్బు పెట్టాల్సింది రీలు మీద

బడ్జెట్‌లో సగం రీలుకే కేటాయించాలి. అందుకు కారణం డ్రాగ్. రీలులో దారం చుట్టి ఉండే స్పూలును ఇది బ్రేకులా పట్టి ఉంచుతుంది. పెట్టిన హద్దు దాటి చేప లాగితే జారి దారం వదులుతుంది. చవక రీళ్లలో ముందుగా పాడయ్యేదీ ఇదే. ఒకచోట బిగుసుకుని, మరోచోట గబుక్కున జారుతుంది. ఆ కుదుపులోనే దారం తెగుతుంది.

పెట్టె మీద 10+1 బేరింగులని రాసి ఉంటే మోజు పడనక్కరలేదు. బేరింగులు చేతికి మెత్తదనం ఇస్తాయే తప్ప బలం ఇవ్వవు. మూడు నాలుగు బేరింగులున్నా గేర్లు గట్టిగా ఉండి, డ్రాగ్ సాఫీగా జారే రీలు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రీలు అంటే అంతిమంగా కొన్ని పళ్లచక్రాల పొందికే. జపాన్‌లోని సకాయ్‌లో 1921లో సైకిల్ ఫ్రీవీళ్ల తయారీతో మొదలైన షిమానో కంపెనీ 1970లో చేపల రీళ్లలోకి అడుగుపెట్టడం వెనుక ఉన్నది కూడా ఆ నైపుణ్యమే. ఇలాంటి పేరున్న కంపెనీలు తమ వరసలో అన్నిటికన్నా కింది మెట్టున అమ్మే సాదా రీలు, పేరు తెలియని కంపెనీ అమ్మే ఆర్భాటపు రీలుకన్నా సాధారణంగా నమ్మకమైనది.

సైజు విషయంలోనూ తొందరపాటు తగదు. రీళ్ల మీద 2500, 4000, 6000 అనే అంకెలు కనిపిస్తాయి. స్పూలు పరిమాణానికి అవి గుర్తులు. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి. జలాశయపు ఒడ్డున బొచ్చె, రోహు, వాలుగ కోసం 4000 సైజు సరిపోతుంది. 0.35 మిల్లీమీటర్ల దారం 150 నుంచి 200 మీటర్లు పట్టాలి. అంతకన్నా చిన్నదైతే పెద్ద చేప మొదటి పరుగులోనే స్పూలు ఖాళీ కావచ్చు. 6000 సైజు అయితే చేతికి బరువు, జేబుకూ బరువు.

రకాల్లో స్పిన్నింగ్ రీలే కొత్తవారికి మేలు. విసిరేటప్పుడు స్పూలు తిరగదు కాబట్టి దారం చిక్కుపడే బెడద తక్కువ. బెయిట్‌కాస్టర్ రీలు చూడటానికి ముద్దొస్తుంది. కానీ బొటనవేలి అదుపు కుదిరేదాకా ప్రతి విసురుకూ పిచ్చుక గూడు విప్పుకోవలసిందే. బెంగాలీలు చాలాకాలంగా వాడే సాదా చక్రం రీలు చవక, మన్నిక గలది. అయితే దూరం విసరాలంటే దానికి బాగా అలవాటు పడాలి.

వంగే రాడ్డే నిలుస్తుంది

రాడ్డు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఎంత పొడవైతే అంత మంచిదనుకోవడం. మోళ్లున్న చోట 7 నుంచి 9 అడుగులు చాలు. అంతకు మించితే చేపను మలుపు తిప్పడం కష్టం. పిడి దగ్గర గట్టిగా, కొన దగ్గర మెత్తగా, చేప లాగినప్పుడు మధ్య దాకా వంగే రాడ్డు కావాలి. ఆ వంపే కుదుపులను మింగేసి దారాన్ని కాపాడుతుంది. కర్రలా బిగుసుకుని ఉండేది బలమైన రాడ్డు అనుకుంటే పొరపాటే.

చవకలో దొరికే వాటిలో ఫైబర్‌గ్లాస్‌కు సాటి లేదు. కాస్త బరువైనా మొరటుదనానికి తట్టుకుంటుంది. మోటారు సైకిలు మీద నుంచి పడినా, రాయికి తగిలినా తొందరగా విరగదు. కార్బన్ రాడ్డు తేలిక, చురుకు. కానీ చిన్న దెబ్బకు పడిన కంటికి కనిపించని పగులు పెద్ద చేప పడిన రోజున బయటపడుతుంది. పైగా కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. పట్టాల పైన వైర్లలో 25,000 వోల్టులు ప్రవహించే ఊళ్లో రైలు వంతెనల కింద, లైను పక్కన అలాంటి రాడ్డు ఎత్తడం ప్రాణాంతకం. ఏ రాడ్డయినా సరే, తడి రాడ్డును కరెంటు తీగల దరిదాపుల్లోకి తీసుకుపోరాదు.

గొట్టంలో గొట్టం దూరే టెలిస్కోపిక్ రాడ్డు బస్సుల్లో, రైళ్లలో తీసుకుపోవడానికి వీలుగా ఉంటుంది. చిన్న చేపలకు ఫర్వాలేదు. పెద్ద వాటికి రెండు ముక్కల రాడ్డే నయం. ముక్కలు పెరిగేకొద్దీ బలహీనమైన చోట్లూ పెరుగుతాయి. ఇక రాడ్డు మీద రాసి ఉండే దారం పరిమితి ముఖ్యం. 10-20 పౌండ్లని ఉంటే 8 కిలోల దారం దానికి కుదురుతుంది. 50 పౌండ్ల దారం వేస్తే తెగాల్సిన దారం బదులు రాడ్డు విరుగుతుంది.

మూడు వేల లెక్క

ఇప్పటి ధరల్లో మూడు వేల రూపాయలు చేతిలో ఉన్నాయనుకుంటే సుమారుగా ఇలా పంచుకోవచ్చు. రీలుకు 1,500. ఫైబర్‌గ్లాస్ రాడ్డుకు 800 నుంచి 900. మంచి నైలాన్ దారానికి 300. కొక్కేలు, సీసపు గుండ్లు, స్వివెళ్లు, బెండ్లు, స్టీలు తీగకు కలిపి 200. మిగిలిన వందా రెండొందలు అరిగిపోయిన దారం మార్చుకోవడానికి దాచుకోవాలి. దుకాణాన్ని బట్టి అంకెలు మారతాయి. నిష్పత్తి మాత్రం మారకూడదు.

బడ్జెట్ ఇంకా తక్కువైతే కోత రాడ్డులో పెట్టుకోవచ్చు. దారంలో, కొక్కెంలో మాత్రం కూడదు. అల్లిన దారం, అంటే బ్రెయిడ్, సన్నగా ఉండి ఎక్కువ బలం ఇస్తుంది. కానీ ధర ఎక్కువ, సాగే గుణం దాదాపు లేదు, మోడుకు రాసుకుంటే త్వరగా తెగుతుంది, బిగిసినప్పుడు వేళ్లను కోస్తుంది. మొదటి సామానుకు సాదా నైలానే సరైనది. అది కొద్దిగా సాగుతుంది కాబట్టి మన తప్పులను కొంత మన్నిస్తుంది. ఎండకు నైలాన్ చచ్చుపడుతుంది. రెండు వేసవులు మోటారు సైకిలు మీద మాడిన దారాన్ని నమ్మకూడదు.

డ్రాగ్ బిగించడానికి లగేజీ తూచే చిన్న కొక్కెం త్రాసు చాలు. రాడ్డును చేపతో పోరాడేటప్పటిలా వంచి, దారం చివర త్రాసు తగిలించి లాగాలి. దారం బలంలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య స్పూలు జారడం మొదలుపెట్టాలి. 8 కిలోల దారమైతే 2 నుంచి రెండున్నర కిలోల దగ్గర. రీలు పెట్టె మీద 10 కిలోల డ్రాగ్ అని ఎందుకు గొప్పలు పోతారో ఈ లెక్క చూశాక అర్థం కాదు. పైసా ఖర్చులేని మరో జాగ్రత్త ముడి. బిగించే ముందు దాన్ని తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే దెబ్బతింటుంది.

కొనే ముందు చూసుకోండి

- రీలు హ్యాండిల్‌ను పట్టుకుని అటూ ఇటూ కదపండి. లొటలొటలాడితే వద్దు. నెమ్మదిగా తిప్పినప్పుడు గరగరమనకూడదు.
- డ్రాగ్‌ను సగం బిగించి స్పూలు మీది దారాన్ని మెల్లగా, తర్వాత గబుక్కున లాగండి. రెండుసార్లూ కుదుపు లేకుండా జారాలి.
- దారాన్ని ఆపే తీగ కమ్మీని పదిసార్లు తెరిచి మూయండి. ప్రతిసారీ పూర్తిగా మూసుకోవాలి.
- రాడ్డు రింగుల లోపల కాస్త దూది తిప్పండి. పోగులు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే. అదే చోట దారం తెగుతుంది.
- రాడ్డును నిటారుగా ఎత్తి కొన నుంచి పిడి వైపు చూడండి. రింగులన్నీ ఒకే వరసలో ఉండాలి.
- కొక్కెం మొనను గోటి మీద ఆనించి లాగండి. జారిపోతే మొద్దుబారినట్టు. గీత పడితే పదునైనట్టు.
- పాత రీలు కొంటే డ్రాగ్ వాషర్లు దొరుకుతాయో లేదో ముందే వాకబు చేయండి.

చేప ఎవరిది?

సరంజామా సిద్ధమైనంత మాత్రాన గాలం వేసే హక్కు రాదు. ఛత్తీస్‌గఢ్‌లో చెరువులను, జలాశయాలను చేపల పెంపకం కోసం మత్స్యకారుల సహకార సంఘాలకు, ఇతరులకు లీజుకు ఇస్తారు. బొచ్చె, రోహు వంటివి వానాకాలంలో పారే నదీజలాల్లో గుడ్లు పెట్టే చేపలు. నిలకడ నీటిలో సాధారణంగా సంతానోత్పత్తి చేయవు. అందుకే జలాశయాల్లో ఏటా చేపపిల్లలను వదులుతారు. సరదాగా గాలం వేసిన ఉద్యోగికి చిక్కిన ఎనిమిది కిలోల కట్లా వెనుక ఎవరో పెట్టుబడి, ఎవరో కుటుంబం బతుకుతెరువు ఉంటాయి. లీజుదారును అడిగి, అనుమతి తీసుకుని, అవసరమైతే రుసుము కట్టి కూర్చోవడమే మర్యాద, చట్టం కూడా.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో, జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు, రాష్ట్రంలోని నదుల్లో, వాగుల్లో, జలాశయాల్లో చేపల వేట నిషిద్ధం. ఉల్లంఘిస్తే జైలు, జరిమానా తప్పవు. నదులతో సంబంధం లేని చిన్న చెరువులకు మినహాయింపు ఉంది. అర్పాలో కొత్త నీరు రాగానే గాలాలతో పరుగెత్తాలనిపించే రోజులు సరిగ్గా ఇవే. ఆ రోజుల్లో పట్టిన ఒక్క తల్లి చేపతో లక్షల గుడ్లు పోతాయి.

వాలుగ విషయంలో మరింత సంయమనం అవసరం. ప్రకృతి పరిరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో చేర్చింది. తడి చేతులతో పట్టుకుని, కొక్కెం తీసి నీటిలోకి వదిలేస్తే అది బతుకుతుంది. బలహీనమైన దారం తెంపుకుపోయిన చేప గతి వేరు. నోట్లో కొక్కెం, వెనుక ఇరవై మీటర్ల నైలాన్ ఈడ్చుకుంటూ ఏ మోడుకో చిక్కుకుని చస్తుంది. ఎవరి వంటింటికీ చేరదు, ఎవరి వలకూ చిక్కదు. సామాను కుదిర్చి కొనుక్కోవాలనడానికి జేబుకన్నా పెద్ద కారణం ఇదే.

ఒడ్డున మరో జాగ్రత్త మొసళ్లు. ఖుటాఘాట్‌లో అవి కనిపించిన సందర్భాలున్నాయి. మోడుకు చిక్కిన ముప్పై రూపాయల గాలం కోసం మోకాలి లోతు నీళ్లలోకి దిగడం తెలివైన పని కాదు. దారాన్ని చేతికి గుడ్డ చుట్టుకుని లాగి తెంపేసి, ఒడ్డుకు వచ్చినంత ముక్కను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

చీకటి పడే వేళకు మోటారు సైకిళ్లు మళ్లీ బిలాస్‌పూర్ దారి పడతాయి. మర్నాడు పొద్దున్నే డ్యూటీ. చేప పడినా పడకపోయినా చేయాల్సిన చివరి పని ఒకటి మిగిలే ఉంటుంది. రీలును తడి గుడ్డతో తుడిచి, డ్రాగ్ మరను పూర్తిగా వదులు చేసి పక్కన పెట్టాలి. బిగించి ఉంచితే లోపలి వాషర్లు అణగారిపోయి జారడం మానేస్తాయి. ఒక్క నిమిషం పని. పదిహేను వందల రీలు ఎన్నేళ్లు నిలుస్తుందో చాలావరకు తేల్చేది ఆ ఒక్క నిమిషమే.